బస్తీకి దూరమైన బంతి: హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమాని నిరాశ వెనుక చరిత్ర

సీజన్ పొడుగునా ఓడిపోతూ వచ్చిన జట్టు మీద అభిమానికి కలిగే కోపం ఆ సీజన్‌తో పుట్టి ఆ సీజన్‌తోనే చల్లారేది కాదు. ఆ ఊరికి ఆ ఆటతో ఉన్న పాత అనుబంధం, పెద్దల నోట విన్న విజయాలు, ఆ విజయాలకు ఆధారమైన బడులు, మైదానాలు, కొలువులు ఒక్కొక్కటిగా చేజారిన తీరు, ఇవన్నీ ఆ కోపంలో కలిసి ఉంటాయి. మూసీ నదికి దక్షిణాన చార్మినార్ చుట్టూ విస్తరించిన హైదరాబాద్ పాత బస్తీలో ఫుట్‌బాల్ చరిత్ర ఈ మాటకు బలమైన సాక్ష్యం. ఒకప్పుడు దేశపు జట్టుకు ఆటగాళ్లను, శిక్షకుణ్ణి ఇచ్చిన నగరం 2019లో ఒక వృత్తి జట్టును పొంది, దాని పరాజయాలను భరించి, 2025లో ఆ జట్టునే పోగొట్టుకుంది. ఈ క్రమాన్ని మొదటినుంచీ పరిశీలిస్తే, అభిమానిని కుంగదీసింది ఓటమికన్నా ఎక్కువగా జట్టుకూ బస్తీకీ మధ్య పెరిగిన ఎడమేనని తేలుతుంది.

బడి మైదానం నుంచి పోలీసు జట్టు దాకా

నిజాం కాలపు హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ రెండు దారుల్లో వ్యాపించింది. ఒకటి సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాల్లోని కంటోన్మెంట్ల దారి, అంటే బ్రిటిష్ సైనిక శిబిరాల దారి. రెండోది నగరంలోని బడులు, కళాశాలలు, ప్రభుత్వ దళాల దారి. పాత బస్తీ దక్షిణపు అంచున ఉన్న బార్కాస్‌లో, నిజాం సైన్యంలో పనిచేయడానికి అరేబియా దక్షిణ తీరంలోని హద్రమౌత్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వారసులు నివసిస్తారు. ఆ పేటలో ఫుట్‌బాల్‌కు ఉన్న ఆదరణ ఈ రెండో దారికి నేటికీ మిగిలిన ఆనవాలు.

ఈ రెండో దారిలో నడిచి దాన్ని దేశమంతటికీ తెలిసేలా చేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, బడి పంతులుగా జీవితం మొదలుపెట్టి, కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పిల్లల వ్యాయామ శిక్షణ బాధ్యతలు చూశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అదే ఏడాది నగర పోలీసు జట్టు బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్పు గెలుచుకుని దక్షిణాదిన తన బలాన్ని చాటింది. పిల్లలను గుర్తించే పంతులు, ఆట పోటీలను నడిపే కార్యదర్శి, పెద్ద జట్టును తీర్చిదిద్దే శిక్షకుడు, ఈ మూడు పాత్రలూ ఒకే మనిషిలో కలవడం వల్ల బడి మైదానంలో మొదలైన కుర్రవాడికి పెద్ద జట్టు దాకా ఎక్కడా తెగని దారి ఏర్పడింది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఈ దారికి మరో విలువ వచ్చింది. నిజాం సైన్యం రద్దయింది. 1949లో జాగీర్దారీ, అంటే భూమి శిస్తుపై కొందరికి సంక్రమించిన హక్కుల వ్యవస్థ, రద్దయింది. కొలువుల మీదా జాగీర్ల మీదా బతికిన పాత బస్తీ కుటుంబాలకు ఆదాయపు దారులు ఒక్కసారిగా ఇరుకయ్యాయి. అటువంటి కాలంలో ఆట నేర్చిన కుర్రవాడికి పోలీసు శాఖలో దొరికే ఉద్యోగం కుటుంబాన్ని నిలబెట్టే ఆధారం. సిటీ పోలీసు జట్టు విజయాలను అప్పటి అభిమానులు తమ ఇంటి విజయాలుగా భావించడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ విజయాలు సామాన్యమైనవి కావు. అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. స్వాతంత్ర్యం తరువాత తొలిసారి 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు కూడా ఆ జట్టుదే. 1954లో, 1957లో మళ్లీ ఆ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా గెలుచుకుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఆడిన అదే జట్టు 1960లో రోవర్స్ కప్పును, 1961లో డ్యూరాండ్ కప్పును గెలిచింది. 1961లో రోవర్స్ కప్పు అందుకున్నది సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్ సైనిక జట్టు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ వంటి పేర్లు జంట నగరాల్లో ఇంటింటా వినిపించేవి.

ఓటమిని పాఠంగా మార్చిన పద్ధతి

ఈ వైభవం ఓటమి ఎరుగనిది కాదు. రహీం శిక్షణలోని భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. అప్పటికి మన ఆటగాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడేవారు. చలి దేశపు తడి నేల మీద అది ఎంత పెద్ద లోపమో ఆ రోజున బయటపడింది. ఆ తరువాత దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. నాలుగేళ్లకు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత జట్టు, హైదరాబాద్ ఆటగాళ్లు పెద్ద సంఖ్యలో ఉండగా, ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఘోరంగా ఓడిన జట్టు ఓటమికి కారణం వెతికి, దాన్ని సరిదిద్దుకుని, తన ఎదుగుదలను అభిమానుల కళ్లముందు నిలిపినప్పుడు ఆ ఓటమి వారి మనసులో గాయంగా మిగలదు.

రహీం సంస్కరణలకు మూలం హైదరాబాద్ మైదానాల్లోనే ఉంది. ఆయన కుర్రవాళ్ల కోసం నడిపిన నాన్-డ్రిబ్లింగ్ పోటీలు ఇందుకు చక్కటి ఉదాహరణ. డ్రిబ్లింగ్ అంటే బంతిని కాలికి అంటిపెట్టుకుని ప్రత్యర్థులను తప్పించుకుంటూ పోవడం. గల్లీలో పెరిగిన పిల్లవాడికి అది సహజంగా అబ్బుతుంది, చూసేవారికీ ముచ్చటగొలుపుతుంది. కానీ దానికే అలవాటుపడినవాడు తోటి ఆటగాణ్ణి చూడడు, బంతిని ఆలస్యంగా వదులుతాడు. నాన్-డ్రిబ్లింగ్ పోటీలో బంతిని ఆపడం, వెంటనే అందించడం, ఈ రెండే పనులకు అనుమతి. దానివల్ల బంతి తనదాకా రాకముందే దాన్ని ఎవరికి ఇవ్వాలో ఆలోచించుకోవడం పిల్లవాడికి అలవాటయ్యేది. బంతి లేనివాడు ఖాళీ చోటుకు పరుగెత్తడం నేర్చుకునేవాడు. ఎడమకాలు బలహీనంగా ఉన్నవారిని ఆ కాలితోనే ఆడించడం, చిన్నపిల్లల మీద పెద్దవాళ్లు బలం చూపకుండా ఎత్తుకు పరిమితి పెట్టి పోటీలు జరపడం కూడా ఆయన పద్ధతుల్లో ఉన్నాయి. వీటికి కావలసింది ఒక మైదానం, ఒక బంతి, ఓపికగల పంతులు మాత్రమే.

ఆ ఆలోచనే పెద్ద స్థాయిలో భారత జట్టు వ్యూహమైంది. ముందువరుసలో మధ్యన ఉండే దాడి ఆటగాణ్ణి కొంత వెనక్కి రప్పించి, అతని వెంట ప్రత్యర్థి రక్షకుడు కూడా కదిలేలా చేసి, అలా తెరుచుకున్న చోటులోకి మిగతావారిని పంపే పద్ధతిని రహీం భారత ఫుట్‌బాల్‌లో స్థిరపరిచాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన భారత జట్టు, ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న మరణించాడు.

ఆటగాళ్ల వలస, మైదానాల కరువు

రహీం మరణంతో హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒక్కసారిగా కూలిపోయిందనే మాట పూర్తిగా సరికాదు. 1963లో ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు మళ్లీ రోవర్స్ కప్పు గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ అందుకుంది. నష్టం నెమ్మదిగా, మరో రూపంలో వచ్చింది. కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులు ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగం ఇవ్వలేనంత డబ్బును, పేరును ఇవ్వగలిగాయి. 1957లో తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టాడు. సయ్యద్ నయీముద్దీన్, హబీబ్ తమ్ముడు మహమ్మద్ అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా తమ ఆటలో పెద్ద భాగాన్ని కలకత్తాలోనే ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు నయీముద్దీన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి అదే చివరి పతకం. 1977 సెప్టెంబరులో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు ఒక గోల్ హబీబ్‌ది.

హైదరాబాద్ అభిమాని పరిస్థితి ఇక్కడినుంచి విచిత్రంగా మారింది. తన గల్లీ కుర్రవాడు గొప్పగా ఆడుతున్నాడు, కానీ ఆడుతున్నది వేరొక నగరానికి; ఆ గోల్‌కు ఈడెన్ గార్డెన్స్‌లో లేచి నిలబడేది కలకత్తా జనం, హైదరాబాద్‌లో దాని గురించి తెలిసేది మరునాటి పత్రికలో. ఊరి ఆటగాళ్ల మీద గర్వం పెరుగుతూ, ఊరి జట్టు మీద ఆశ తరుగుతూ వచ్చిన ఈ రెండు దశాబ్దాలే తరువాతి నిరాశకు పునాది వేశాయి.

దీనికి మరికొన్ని కారణాలు తోడయ్యాయి. 1970ల నుంచి పాత బస్తీ యువకులు గల్ఫ్ దేశాలకు పని కోసం వెళ్లసాగారు. ఆట ద్వారా దొరికే చిన్న ఉద్యోగం ఒకప్పటిలా కుటుంబాలను ఆకర్షించలేకపోయింది. 1983 క్రికెట్ ప్రపంచ కప్పు విజయం తరువాత, నగరానికే చెందిన మహమ్మద్ అజహరుద్దీన్ తన తొలి 3 టెస్టుల్లోనూ శతకాలు కొట్టిన తరువాత, పిల్లల చేతుల్లోకి క్రికెట్ బ్యాటు చేరింది. జనాభా ఒత్తిడికి ఖాళీ స్థలాలు ఇళ్లయ్యాయి. స్థానిక లీగ్, అంటే నగరంలోని క్లబ్బులన్నీ ఏటా ఒకదానితో మరొకటి తలపడే పోటీ, పాత క్రమాన్ని కోల్పోయింది. ఏటా తప్పకుండా ఆడే పోటీ లేనిచోట కుర్రవాడికి ఎదిగే మెట్లు ఉండవు, చూసేవాడికి ఎదురుచూసే రోజు ఉండదు.

గచ్చిబౌలి జట్టు ఆరు సీజన్లు

2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ ఫ్రాంచైజీల పద్ధతిలో నడుస్తుంది. అంటే ఒక నగరం పేరుతో ఆడే హక్కును ఒక యాజమాన్యం కొనుక్కుని జట్టును నిర్మిస్తుంది. 2019లో పుణె జట్టు మూతపడగా ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. అర్ధశతాబ్దం తరువాత నగరానికి దేశస్థాయి అగ్ర పోటీలో సొంత జట్టు దక్కిందన్న సంతోషంతో అభిమానులు ‘డెక్కన్ లీజియన్’ పేరుతో సంఘంగా ఏర్పడి, పసుపు జెండాలతో గచ్చిబౌలి స్టేడియానికి చేరారు.

మొదటి సీజన్ వారిని కఠినంగా పరీక్షించింది. తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో 0-5తో ఓడిన జట్టు, సొంత మైదానంలో తొలి మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించి ఆశ కలిగించింది. ఆ తరువాత దాదాపు మూడున్నర నెలలు గెలుపన్నదే లేక, చివరి మ్యాచ్‌లో గువాహటిలో 5-1తో గెలిచి, 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో అట్టడుగున ముగించింది. గచ్చిబౌలికి వెళ్లిన అభిమాని ఆ సీజన్ మొత్తంలో కళ్లారా చూసిన గెలుపు ఒక్కటే.

తరువాతి రెండు సీజన్లలో స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్క్వెజ్ యువకులతో చక్కటి జట్టును కూర్చాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్ 1-1తో సమం కాగా, పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి 3 షాట్లను అడ్డుకోవడంతో హైదరాబాద్ విజేత అయింది. కరోనా కారణంగా ఆ రెండు సీజన్లూ గోవాలోనే, లీగ్ మ్యాచ్‌లు ప్రేక్షకులు లేకుండానే జరిగాయి. జట్టు అందమైన ఆటను హైదరాబాద్ అభిమాని టీవీలో మాత్రమే చూడగలిగాడు. 2022-23లో జట్టు సొంత మైదానానికి తిరిగి వచ్చి రెండో స్థానంలో నిలవడం, ఈ ఆరు సీజన్లలో అభిమాని తన కళ్లముందు అనుభవించిన ఒకే ఒక్క మంచి కాలం.

2023-24లో పతనం వచ్చింది. మార్క్వెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయాడు. జీతాల బకాయిల వల్ల ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు జట్టును వీడారు. కొత్తవారిని చేర్చుకోకుండా నిషేధం పడింది. తంగ్‌బోయ్ సింగ్టో శిక్షణలో మిగిలిన కుర్రవాళ్లు శక్తికి మించి పోరాడినా 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి, ఓడినవి 16. అదే ఏడాది 2023 ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టు 15న హబీబ్ మరణించారు. 2024 ఏప్రిల్‌లో రహీం జీవితం ఆధారంగా ‘మైదాన్’ అనే హిందీ చిత్రం విడుదలైనప్పుడు, ఆయన నగరపు జట్టు లీగ్ పట్టికలో చివరి స్థానంలో ఉంది. అదే సంవత్సరం గచ్చిబౌలిలో భారత జట్టు మారిషస్‌తో 0-0తో, మలేషియాతో 1-1తో డ్రా చేసుకుని, సిరియా చేతిలో 0-3తో ఓడింది; 2024 మొత్తంలో భారత జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. నగరపు జట్టును, దేశపు జట్టును ఒకే మైదానంలో ఒకే నిస్సహాయతతో చూడవలసి రావడం హైదరాబాద్ అభిమానికి ప్రత్యేకంగా దక్కిన బాధ.

పాత బస్తీ అభిమానికి ఈ బాధతోపాటు ప్రయాణపు శ్రమ కూడా ఉండేది. చార్మినార్ నుంచి గచ్చిబౌలి స్టేడియం 20 కిలోమీటర్లకు పైనే. పాత బస్తీ దాకా మెట్రో రైలు రాలేదు. బార్కాస్ నుంచి బయలుదేరినవాడు బస్సులోనో ఆటోలోనో ఎంజీబీఎస్ స్టేషన్ చేరి, అక్కడ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, మళ్లీ మరో వాహనం చూసుకోవలసి వచ్చేది. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ ముగిసేసరికి తొమ్మిది దాటేది. ఓడిన జట్టును చూసి అదే దారిన తిరిగి రావలసి వచ్చేది. ఇంత కష్టపడి వెళ్లినవాడికి మైదానంలోని పదకొండు మందిలో తన నగరపు బడుల్లో ఆట నేర్చినవాడు కనిపించడం అరుదుగా ఉండేది. నగర శివారులోని అజీజ్‌నగర్ కేంద్రంగా ఐ-లీగ్ అనే మరో దేశస్థాయి పోటీలో ఆడిన శ్రీనిధి డెక్కన్ జట్టు 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానం సాధించినా, పాత బస్తీకి అదీ దూరమే.

2024లో హైదరాబాద్ ఎఫ్‌సీ యాజమాన్యం చేతులు మారింది. 2024-25లో జట్టు 13 జట్లలో 12వ స్థానంలో నిలిచింది. 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుని దేశ రాజధానికి తరలిపోయింది. పుణె అభిమానులు పోగొట్టుకున్న చోటు నుంచి హైదరాబాద్‌కు వచ్చిన జట్టు, హైదరాబాద్ అభిమానులను అదే స్థితిలో వదిలి వెళ్లింది. ఫ్రాంచైజీ పద్ధతిలో జట్టు యాజమాన్యపు ఆస్తి కాబట్టి, దాన్ని ఒక నగరం నుంచి మరో నగరానికి మార్చడంలో అక్కడి అభిమానుల అనుమతికి చోటు లేదు. గెలవని సీజన్‌లో కూడా అభిమానిని నిలబెట్టేది ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనే మాట. ఆ వచ్చే ఏడాదే లేకుండా పోవడాన్ని ఏ ఓటమితోనూ పోల్చలేం.

హాకీ చెప్పే మాట

ఈ అనుభవం ఫుట్‌బాల్‌కు మాత్రమే పరిమితం కాదు. 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లలో ఆడిన ముఖేశ్ కుమార్‌ను దేశానికిచ్చిన హైదరాబాద్ హాకీకి కూడా ఇటువంటి కథే ఉంది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి పోటీలు గచ్చిబౌలిలోనే జరిగి హైదరాబాద్ సుల్తాన్స్ జట్టు విజేతగా నిలిచినా, ఆ లీగ్ 2008తో ముగిసిపోయింది. 2024-25లో పునరుద్ధరించిన హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ జట్టు ఫైనల్ దాకా వెళ్లి, 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడింది. ఆ ఫైనల్ జరిగింది హైదరాబాద్‌లో కాదు, ఒడిశాలోని రౌర్కెలాలో. పేరులో ఊరున్నా ఊళ్లో ఆట లేకపోతే గెలుపు సంతోషం, ఓటమి దుఃఖం రెండూ సగమే అవుతాయి.

1950ల పోలీసు జట్టునూ 2020ల వృత్తి జట్టునూ పక్కపక్కన ఉంచి చూస్తే, అభిమాని ఏది పోగొట్టుకున్నాడో స్పష్టమవుతుంది. మొదటిది పేద జట్టు. దాని ఆటగాళ్లు సామాన్య ప్రభుత్వోద్యోగులు. అయినా దాని వెనుక బడి, బడి వెనుక పంతులు, పంతులు వెనుక ఏటేటా జరిగే పోటీలు ఉన్నాయి. రెండోది డబ్బుతో కట్టిన జట్టు. డబ్బు ఉన్నప్పుడు కప్పు గెలిచింది, డబ్బు ఆగినప్పుడు కూలిపోయింది, ఎందుకంటే దాన్ని ఆపదలో నిలబెట్టే స్థానిక పునాది ఏదీ లేదు. గతాన్ని తలచుకునే అభిమానిని పాత ముచ్చట్లలో మునిగినవాడిగా కొట్టిపారేయడం అన్యాయం. తన నగరంలో ఈ ఆట ఎలా పెరిగిందో అతనికి తెలుసు, అలా మళ్లీ పెరగగలదనీ తెలుసు. అతని కోపానికి మూలం ఆ తెలివిడే.

మరో ఫ్రాంచైజీ ఎప్పుడో ఒకప్పుడు హైదరాబాద్ పేరు పెట్టుకుని రావచ్చు. అది నిలవాలంటే అంతకన్నా ముందు జరగవలసిన పనులు ఉన్నాయి: పాత బస్తీలో మిగిలిన మైదానాలను ఆటకే కేటాయించి కాపాడటం, బడుల మధ్య పోటీలను మళ్లీ మొదలుపెట్టడం, నగర లీగ్‌ను ఏ ఏడూ తప్పకుండా నడపడం, ఆటగాళ్లకు స్థిరమైన కొలువు చూపడం. వీటిలో కొత్తది ఒక్కటీ లేదు. బడిపంతులుగా, సంఘ కార్యదర్శిగా రహీం ఇదే నగరంలో చేసి చూపినవే ఇవన్నీ. ఆ పనులు జరిగిన నాడు జట్టు ఒక సీజన్ మొత్తం ఓడిపోయినా, దాన్ని భరించే ఓపిక పాత బస్తీ అభిమానికి తప్పక ఉంటుంది.